ఒకవేళ బల్ల గోడు

నేను ఒక బల్లను. బల్ల అనగానే కూర్చునేదో, భోంచేసేదో అనుకుంటారు మీరు. మీ ఊహ అంతకుమించి పోదు. నా మీద ఎవరూ కూర్చోకూడదు, ఎవరూ తినకూడదు. 'వీలుంటే వచ్చేదాన్ని', 'నాకుంటే ఇచ్చేవాణ్ణి', 'కాస్త మంచినీళ్లు ఇప్పిస్తారా' లాంటి మాటలు, అంటే జరగనివీ, జరిగితే బాగుండుననుకునేవీ, గట్టిగా అడగలేక మెత్తగా అడిగేవీ ఫ్రెంచి భాషలో ఎలా తయారవుతాయో చూపించడానికి పుట్టాను. పుస్తకాల్లో దాన్ని కండిషనల్ అంటారు. యానాంలో నన్ను ఒకవేళ బల్ల అన్నారు. ఆ పేరు నాకు నచ్చలేదు, కానీ నన్నడిగి పెట్టిందెవరు?

తాళ్లరేవులో పడవలు కట్టే చోట మిగిలిపోయిన టేకు చెక్కను నేను. ఇంకో జానెడు పొడుగుంటే సముద్రం చూసేదాన్ని. చూడలేదు, దక్షిణామూర్తి మాస్టారి కంటబడ్డాను. ఆయన యానాంలో ఫ్రెంచి చెప్పి రిటైరైన మనిషి, ఫ్రెంచివాళ్లు అయ్యగారిని పిలిచినట్టు ఊరంతా ఆయన్ని ముస్యే మాస్టారు అనేవారు. ఇంటి వరండాలో ప్రైవేటు చెప్పేవారు. పిల్లలకి ఈ ఒక్క పాఠం ఎంత చెప్పినా ఎక్కడం లేదని, వడ్రంగిని పిలిచి తన ఆలోచన చెప్పారు. వడ్రంగి అంతా విని, "ఇది పెట్టే కదండి, మూత మర్చిపోయారండి" అన్నాడట. నా పుట్టుక ఇలా ఒక అవమానంతో మొదలైంది.

నా ఎడమవైపు ఒక గాడి ఉంటుంది. కుడివైపు ఒకదాని కింద ఒకటిగా ఎర్రరంగుతో రాసిన తోకలు, అంటే క్రియ చివర చేరే అక్షరాలు, ఉంటాయి. నేను, నువ్వు, అతను లేక ఆమె, మేము, మీరు, వాళ్లు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క తోక. క్రియలన్నీ విడివిడి చెక్కముక్కలు. మాట్లాడటం అనే 'పార్లే' ముక్కను ఉన్నదున్నట్టు గాడిలోకి తోస్తే తోక వచ్చి అతుక్కుంటుంది, 'నేను మాట్లాడేదాన్ని' అయిపోతుంది. చివర 'ఈ' అక్షరం వేలాడే క్రియ అయితే ఆ అక్షరాన్ని చెక్కేసి తోయాలి. కొన్ని మొండి ముక్కలున్నాయి, అవి సొంత మొహంతో గాడిలోకి రావు. ఉండటం అనే 'ఎత్ర్' వచ్చేసరికి 'సెర్' అయిపోతుంది, వెళ్లడం అనే 'అలే' కాస్తా 'ఇర్' అవుతుంది, కోరుకోవడం అనే 'వులువార్' 'వుద్ర్' అవుతుంది. వాటిని కంఠతా పట్టడం తప్ప దారి లేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, తోక తగిలే ఆ మొండెం భవిష్యత్ కాలం దగ్గర తెచ్చుకున్నది, ఆ తోకలు భూతకాలం దగ్గర తెచ్చుకున్నవి. అయితేనేం, అతుకు నాది.

ఇంత పనితనం ఉన్నదాన్ని, నన్ను ఎలా చూశారో వినండి. పిల్లలు నా గాడిలో చాక్‌పీసులు దాచుకున్నారు. ప్రైవేటు లేని రోజున మాస్టారి భార్య సుభద్రమ్మగారు నన్ను ఎండలో పడుకోబెట్టి, మీద పాత పంచె పరిచి, గుమ్మడి వడియాలు పెట్టారు. ఆ పిల్లలూ తక్కువవాళ్లేం కాదు. ఫ్రెంచి తీసుకుంటే మార్కులు బాగా వేస్తారని వచ్చినవాళ్లే అందరూ. ఎందుకు, ఎప్పుడు అన్నది అక్కర్లేదు, ఏ తోక ఎక్కడో గుడ్డిగా బట్టీపట్టేసి పోయేవారు. 'అయితే' అనే అర్థం వచ్చే 'సి' పక్కన నన్ను పెట్టకూడదని మాస్టారు నెత్తీ నోరూ బాదుకునేవారు. 'సి' ఉన్న సగంలో భూతకాలం ఉండాలి, రెండో సగం నాది. వీళ్లు రెండు వైపులా నన్నే కుక్కేవారు, పెళ్లి భోజనంలో రెండు చేతులా వడ్డించినట్టు.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లకి చెప్పాల్సిన పనే లేకపోయింది. నిజమో కాదో తెలియని కబురును ఫ్రెంచి పేపర్లు నాతోనే చెప్తాయి. మంత్రిగారు జబ్బుపడ్డారు అని రాయరు, జబ్బుపడ్డారట అన్నట్టుగా నా తోక తగిలించి రాస్తారు. మన 'అట' అనే మాటే అది అని మాస్టారు చెప్పగానే వరండా అంతా లేచి కూర్చుంది. ఆ సాయంత్రం ఊళ్లో ఉన్న పుకార్లన్నీ ఫ్రెంచిలోకి వచ్చేశాయి. మెత్తగా అడగడం కూడా తొందరగానే పట్టుబడింది. 'నాకు కావాలి' అన్నదాన్ని మెత్తగా చెప్పే 'జ్ వుద్రే' అంటే మనం ప్రతిమాటకీ తగిలించే 'అండి' లాంటిదే అన్నారు మాస్టారు. గోదావరి జిల్లాల మధ్య పుట్టినవాళ్లకి ఆ సంగతి ఇంకొకరు నేర్పాలా?

ఆ రోజుల్లోనే లోవకుమారి వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక అన్నగారు వీర్రాజు ఇంట్లో ఉంటోంది. అత్తగారు మంచంపట్టి పోయేదాకా ఆవిణ్ణి లోవకుమారే చూసింది, తర్వాత ఆస్పత్రిలో కొన్నాళ్లు ఆయాగా చేసింది. రోగిని ఎత్తడం, దించడం, వీపు పుండు పడకుండా తిప్పడం ఆవిడకి చేతనైన పని. వదిన చెడ్డదని చెప్పను. కానీ వంటింట్లో గిన్నె మోగినా "మా ఇంట్లో ఇలా విసిరెయ్యం లోవా" అనేది. ఆ మా ఇంట్లో అన్న మాట రోజూ వినడం అంటే ఎలా ఉంటుందో, వరండాలో వడియాల కింద పడుకున్న నాకు కాస్త తెలుసు.

పాండిచ్చేరిలో ముసలివాళ్ల కోసం కన్యాస్త్రీలు నడిపే ఒక ఆశ్రమం ఉంది. అక్కడున్న కొందరు అవ్వలకి ఫ్రెంచి తప్ప ఇంకో భాష నోట రాదు. ఫ్రెంచిలో మాట్లాడుతూ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి, ఉండటానికి గది కూడా ఇస్తారని తెలిసి లోవకుమారి మాస్టారి దగ్గరికొచ్చింది.

"నాకు ఆ గది కావాలండి మాస్టారండి" అంది మొదటిరోజు. "జీతం ఎంతైనా సరేనండి. నా గిన్నె నేను మోగించుకుంటాను."

ఆ మాటకి మాస్టారు నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు, అప్పుడే ఆవిడ పక్షం అయిపోయాను.

ఎంత బాగా నేర్చుకుందో. చీపురు, దుప్పటి, జ్వరం, మందు, నొప్పి అన్న మాటలు నాలుగు వారాల్లో నాలుక మీదకి వచ్చేశాయి. నా ముక్కలు ఆవిడ చేతిలో మెత్తగా జరిగేవి, గాడి అరగలేదు, గీరుకుపోలేదు. 'మదామ్ గారికి మంచినీళ్లు కావాలా?' 'కిటికీ తెరవమంటారా?' అన్నవి ఆవిడ నోట వింటుంటే నా ఎర్రరంగు మరింత ఎర్రగా అయినట్టు ఉండేది. ఇక మిగిలింది నా అసలు విద్య. ఏదైనా జరిగితే ఏం చేస్తావు అన్నది. అక్కడ బండి ఆగిపోయింది.

మాస్టారికి ఉదాహరణలు చెప్పడంలో చేయి తిరిగింది, కానీ అన్నీ ఆపదలే. ఇల్లు కాలిపోతే ఏం చేస్తావు? పడవ మునిగిపోతే? రోగి కళ్లు తిరిగి పడిపోతే? లోవకుమారి ముక్క చేతిలో పట్టుకుని కూర్చునేది.

"అలాంటి మాటలు అనకూడదండి బాబూ."

"పాఠం అమ్మా అది. నిజంగా ఎవరూ పడిపోవడం లేదు."

"పాఠమైనా నోటితోనే కదండీ అనాలి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారండి. తథాస్తు అన్నారంటే ఇంకేముందండి."

వంటింట్లోంచి సుభద్రమ్మగారు కూడా అందుకున్నారు. "దీపాలు పెట్టే వేళ వరండాలో ఆ కాలిపోవడాలూ మునిగిపోవడాలూ ఏమిటండీ. మీ ఫ్రెంచి పాడుగానూ."

చూశారా. ఒకవేళ అనే మాట మీదే బతికేదాన్ని నేను. ఈ ఊరివాళ్లు ఒకవేళ అనడానికే భయపడతారు. అయితే అందులోనూ పక్షపాతం. లాటరీ తగిలితే, అన్నది ఎన్నిసార్లైనా అంటారు, దేవతలు ఆ మాట వినాలనే అంటారు. కష్టం తలుచుకోవడానికి మాత్రం నోరు రాదు. మాస్టారు కూడా లొంగిపోయారు. ఇల్లు కాలడం మానేసి, ఇల్లు కట్టుకుంటే ఎన్ని కిటికీలు పెట్టేదానివి అని మొదలుపెట్టారు. మందు, వైద్యం, ఆపద ఉన్న నా సగం బల్లకి సెలవిచ్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. పెంటకుప్ప మీద పారేసినా ఇంత కోపం వచ్చేది కాదు.

ఆశ్రమంవాళ్లు మాట్లాడి చూస్తామని రమ్మంటే, పాండిచ్చేరికి లోవకుమారి నన్ను కూడా తీసుకెళ్లింది. తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుంది. దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. ఆశ్రమంలో పెద్ద సిస్టర్ గారు, పేరు మర్గరీత్, ఒక పొడుగాటి గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ చక్రాల కుర్చీలో మదామ్ రోజ్‌లిన్ అనే అవ్వ కూర్చుని ఉంది. తెల్లగౌను, చెవులకి చిన్న ముత్యాలు, మొహాన చిరాకు. ఆవిడకి తమిళం తిట్టడానికి సరిపడా వచ్చు, మిగతాదంతా ఫ్రెంచే.

లోవకుమారి నమస్కారం చేసింది. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. అవ్వ కాళ్ల మీద దుప్పటి జారుతుంటే అడిగి సర్దింది, అదీ నా తోకతోనే అడిగింది. సిస్టర్ గారి మొహం విప్పారింది. తువ్వాల్లో ఉన్నా నేను గర్వంతో బిగుసుకుపోయాను. అప్పుడు సిస్టర్ గారు అవ్వ వైపు చేయి చూపించి మామూలుగానే అడిగారు.

"ఈవిడ పడిపోయి, ఊపిరి అందకపోతే మీరేం చేస్తారు?"

లోవకుమారి అవ్వ మొహంలోకి చూసింది. అవ్వ కూడా ఈవిడ మొహంలోకే చూస్తోంది. జవాబులో ప్రతి ముక్కా ఈవిడకి తెలుసు. ఊపిరి, వీపు, తల, డాక్టరు, అన్నీ. చెప్పలేదు. సిస్టర్ గారు నెమ్మదిగా మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పలేదు. సిస్టర్ గారు ఏమీ కసురుకోలేదు. "ఆ మాట చెప్పలేని మనిషికి వీళ్లని అప్పగించలేను. ఈస్టర్ అయ్యాక ఇంకోసారి రండి" అని పంపేశారు.

ఎంత కోపం వచ్చిందంటే, చెక్కని కాబట్టి ఊరుకున్నాను. అన్నీ తెలిసి నోరు మూసుకోవడం ఏమిటి? ఆ గది పోయింది. తన గిన్నె తను మోగించుకునే గది. ఒక్క వాక్యం అనలేకపోయింది, అదీ నా సొంత వాక్యం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కసీటులో ఉన్న ఒక ముసలాయన ఎందుకమ్మా అన్నాడు. "పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉందండి. ఆవిడ వింటుండగా ఆవిడకి ఊపిరి పోతే అని ఎలా అంటానండి" అంది. ముసలాయన తల ఊపాడు. ఆయనకి సంగతంతా అర్థమైపోయింది. ఆ బస్సులో అర్థం కానిది నాకొక్కదానికే.

యానాం చేరాక మాస్టారు ఇంతెత్తున లేచారు. వరండాలో అటూ ఇటూ నడుస్తూ, తథాస్తు దేవతలకి ఫ్రెంచి రాదు కదమ్మా అన్నారు. "వాళ్లకి రాని భాష ఉంటుందాండీ" అంది లోవకుమారి. అన్నగారింట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన, "పోనీలే, మా ఇంట్లో నీకేం తక్కువైంది" అందట. మర్నాడు పొద్దున్నే లోవకుమారి వరండాలో కూర్చుని ఉంది. ఏం చెయ్యాలో తెలియక ముక్కలన్నీ తడిగుడ్డతో తుడుస్తోంది.

సుభద్రమ్మగారు కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చి, పక్కనే చతికిలబడ్డారు.

"ఏవమ్మా లోవా, మనవాళ్లు ఇలాంటి మాట అనాల్సొస్తే ఎలా అంటారు? ఎదుటివాళ్ల మీద పెట్టి అంటారా?"

"అనరండి. ఆ కీడేదో నాకే తగలనీ అని, మన మీద పెట్టుకునే అంటారండి."

"మరి నీ మీద పెట్టుకుని అనవే."

మాస్టారు వెంటనే అడ్డొచ్చారు. ప్రశ్న 'ఆమె' గురించి అడిగినప్పుడు జవాబు 'నేను' అని చెప్తే అది తప్పు జవాబే అన్నారు. నేనూ మాస్టారి పక్షమే. మూడో వరసలో అడిగినదానికి మొదటి వరసలో బదులిస్తే నాకు వరసలెందుకు, ఎర్రరంగెందుకు, మా వడ్రంగి పడ్డ కష్టమెందుకు? నా ముందే, నన్ను తుడుస్తూనే, నాకు అన్యాయం చేయడానికి ఇద్దరాడవాళ్లు కుట్ర చేస్తున్నారు. సుభద్రమ్మగారి వడియాలైనా కొంత నయం.

ఈస్టర్ వెళ్లాక మళ్లీ అదే తువ్వాల్లో నేను, అదే గది, అదే కుర్చీ, అదే చిరాకు మొహం. సిస్టర్ గారు అదే ప్రశ్న అడిగారు. లోవకుమారి ఈసారి ఆగలేదు. అవ్వ వైపు తిరిగి కాదు, తన గుండె మీద చేయి వేసుకుని మొదలుపెట్టింది. అదంతా ఫ్రెంచిలోనే, మీ కోసం తెలుగులో చెప్తున్నాను.

"నేను పడిపోయాననుకోండి. నన్ను వెంటనే లేపకూడదు, ఎముక విరిగిందేమో చూడాలి. మెడ కింద చేయి పెట్టి తల పక్కకి తిప్పితే నాకు ఊపిరి అందుతుంది. ఒకళ్లని డాక్టరు గారి కోసం పంపాలి, ఇంకొకళ్లు నా పక్కనే నేల మీద కూర్చోవాలి, నిలబడి పైనుంచి చూడకూడదు. నా పేరు పెట్టి పిలవాలి. జనం వచ్చేలోపు నా చీర సర్దాలి."

వరసలు కలిసిపోయాయి. ఒకచోట తోక తప్పింది. చూడాలి, పంపాలి అనేటప్పుడు ఫ్రెంచిలో వాడాల్సింది సబ్జంక్టివ్ అనే ఇంకో రూపం, అది వేరే బల్లవాళ్ల సొత్తు, దాన్ని అసలు పట్టించుకోలేదు. నేను లోలోపల కుతకుతలాడిపోతున్నాను. సిస్టర్ గారు తప్పు దిద్దుతారేమో అని చూశాను. ఆవిడ అవ్వ వైపు చూశారు. కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"నాకు చీర కాదు, గౌను" అంది మదామ్ రోజ్‌లిన్. "మోకాళ్లు కనబడకూడదు. అది గుర్తుపెట్టుకో."

గది ఇచ్చారు. చిన్నది, కిటికీ సందులోకి. అల్యూమినియం గిన్నెలు కొనుక్కుంది.

నా సంగతి చెప్పడం మర్చిపోతానని మీరనుకుంటే పొరపాటు. వచ్చిన పని అయిపోయింది కదా, నన్ను యానాం పంపించేస్తుందనుకున్నాను. లేదు. మదామ్ మంచం మీద భోజనం పెట్టడానికి పళ్లెం లాంటిది కావలసొచ్చింది. రెండు వైపులా రెండు దిండ్లు పెట్టి, నన్ను అడ్డంగా పరిచారు. నా తోకల మీద సూపు గిన్నె పెట్టారు. గాడిలో చెంచా నిలబెట్టారు. నా మీద ఎవరూ తినకూడదని మొదట్లోనే చెప్పాను, గుర్తుందా? ఏళ్ల తరబడి రోజూ తిన్నారు. మదామ్ నా అక్షరాలు చదువుతూ తినేది, లోవకుమారి తప్పు మాట్లాడితే చెంచాతో ఆ వరస మీద టకటకా కొట్టేది. రంగు ఊడిపోయింది. ఆ చెంచా దెబ్బలతోనే లోవకుమారి ఫ్రెంచి బాగుపడింది, ఆ మాట ఒప్పుకుంటాను, కానీ దాని ఖరీదు నా వంటి రంగు.

ఇద్దరికీ పడేది కాదు. పొద్దున్నే కిటికీ దగ్గర తగువు, స్నానానికి తగువు. లోవకుమారి సెలవు మీద యానాం వెళ్తే మాత్రం మదామ్ ఎవరి చేతా అన్నం తినేది కాదు. తమిళం అంతా ఆ రోజుల్లోనే ఖర్చుపెట్టేది.

ఒక మధ్యాహ్నం, సూపు సగంలో, మదామ్ చెంచా వదిలేసింది. అది నా మీద నుంచి జారి నేల మీద పడింది. మొహం పాలిపోయింది, ఊపిరి తెగి తెగి వస్తోంది. లోవకుమారి నన్ను తీసి గోడకి ఆనించింది. మెడ కింద చేయి పెట్టి తల తిప్పింది. గుమ్మంలోంచి వెళ్తున్న సిస్టర్‌ని డాక్టరు కోసం పంపింది. గౌను మోకాళ్ల కిందకి లాగింది. అప్పుడు మంచం పక్కన నేల మీద కూర్చుని, చేయి పట్టుకుని, "మదామ్ రోజ్‌లిన్" అని పిలిచింది.

మదామ్ కళ్లు తెరిచింది. అంత బతుకులో ఆవిడ నా తోక తగిలించి అడగని కోరిక లేదు. ఇది కావాలనుకుంటున్నాను, అది ఇప్పిస్తే బాగుండును, నేనే గనక పడుచుదాన్నైతే, అంటూ. ఆ రోజు మాత్రం చిన్నపిల్లలా సూటిగా అడిగింది, నా ఊసే లేకుండా.

"నువ్వు వెళ్లిపోతావా?"

ఏళ్ల తరబడి నేర్పాను కదా, లోవకుమారి నా ముక్కల్లోంచి ఏదో ఒకటి తీస్తుందని గోడ దగ్గర్నుంచి ఎదురుచూశాను. సిస్టర్లు ఒప్పుకుంటే ఉండేదాన్ని, వీలుంటే ఉండగలిగేదాన్ని, దేవుడు దయతలిస్తే ఉండేవాళ్లం. ఎన్ని రకాలు ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ తీయలేదు.

"జ్ సుయి లా" అంది. ఇక్కడే ఉన్నాను అని.

డాక్టరు వచ్చేదాకా ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అంది, ఆయన వచ్చి, నాడి చూసి, దుప్పటి మదామ్ మొహం మీదకి కప్పి వెళ్లిపోయాక కూడా కాసేపు అంది.

ఇప్పుడు నేను ఆశ్రమం సామాన్ల గదిలో, విరిగిన చక్రాల కుర్చీకీ పాత దోమతెరల మూటకీ మధ్య ఉన్నాను. చెదలు ఇంకా నా దాకా రాలేదు. కోపం తగ్గలేదు, వడియాలు మర్చిపోలేదు, సూపు మర్చిపోలేదు. ఆ మధ్యాహ్నం గోడకి ఆనించిన క్షణం కూడా మర్చిపోలేదు. అయినా ఆ గోడ దగ్గర్నుంచి లోవకుమారి నా ముక్కలు వెతుక్కోకుండా కూర్చుని ఉండటం చూశాను కదా, ఆ ఒక్క మాటకి నా దగ్గర తోక లేదని, ఉండక్కర్లేదని నాకు తెలుసు.